రెండు సీసాల నీళ్ళతో కృష్ణగిరికి

మా ఊరి కాలనీలో బోరింగుకు పిడి లేకుండా పోయి పదిహేను రోజులు దాటాక, ఒక సోమవారం పొద్దున మునెమ్మా నేనూ రెండు సీసాల నీళ్ళు పట్టుకొని కృష్ణగిరికి బయలుదేరాం. ఎనభైల నడుమ మాట ఇది. మామిడికాయల కాలం. ఎండ అప్పుడే ముదురుతోంది.

ఎందుకు పోవలసి వచ్చిందో ముందు చెప్పాలి. మా ఊరు తమిళ రాష్ట్రంలో, డెంకణికోట నుంచి జవళగిరికి పోయే దారిలో అడవిని ఆనుకొని ఉంటుంది. ఆ వేసవి మొదట్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు మా బడికి వచ్చి పిల్లలందరి నోళ్ళూ తెరిపించి చూశాడు. మా వీధి పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. కాలనీ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గీతలున్నాయి. బోరింగు నీళ్ళు పట్టుకుపోయాడు. కొన్ని వారాలకు మళ్ళీ జీపులో వచ్చి, "ఈ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగకూడదు" అని అక్కడ నిలబడినవాళ్ళకు తమిళంలో చెప్పి, బోరింగు పిడి ఊడదీయించి జీపులో వేసుకొని వెళ్ళిపోయాడు. మరి ఏ నీళ్ళు తాగాలో చెప్పలేదు. ఎవరినీ ఒక మాట అడగలేదు. కాలనీవాళ్ళు వంకలో చెలమలు తవ్వుకొని తాగారు. వారం తిరక్కుండా పిల్లలకు భేదులు పట్టుకున్నాయి.

ఆ బోరింగును ఊరికి తెచ్చింది మునెమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి. కూలి పనిచేసి నలుగురు బిడ్డలను పెంచింది. అంతకు ముందు కాలనీ ఆడవాళ్ళు మా బావుల గట్ల మీద బిందెలు పెట్టుకొని, ఎవరైనా చేది పోసేదాకా నిలబడేవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళు చేద వెయ్యకూడదు. మునెమ్మ డెంకణికోటలో పంచాయతీ యూనియన్ ఆఫీసు వాకిట్లో నలుగురిని వెంటబెట్టుకొని కూర్చుని, లేవమంటే లేవకుండా ఆ బోరింగు సాధించుకొచ్చింది. ఎవరినీ అడక్కుండా వాళ్ళు తాగిన మొదటి నీళ్ళవి. అందుకే డాక్టరు పిడి పట్టుకుపోతే ఆమెకు తన చేతిలోది లాక్కుపోయినట్టయింది.

నాకు భర్త లేడు. పొలం నేనూ మా మరిది వెంకటేశప్పా సగం సగం చేసుకుంటున్నాం. బావి ఉమ్మడిది. కరెంటు మోటారు ఒకరోజు అతని వంతు, ఒకరోజు నా వంతు. తమిళం చదవడం రాయడం వచ్చని మహిళా సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేశారు. బడి వసారాలో సంఘం కూర్చున్న రోజు మునెమ్మ లేచి నిలబడింది.

"మీ పిల్లోళ్ళు పండ్లపొడితో తోముతారు, మావోళ్ళు బొగ్గుతో తోముతారు. పండ్లకు అదే తేడా. నీళ్ళలో ఏమో ఉండాదంటే నేను నమ్మను. నా కండ్లకు చూపియ్యమను."

"డాక్టరు చదువుకున్నవాడు కదా మునెమ్మా, ఊరికే చెప్తాడా?" అన్నాను.

"చదువుకున్నోడు చెప్తే నోరు మూసుకోవాల్నా? నీళ్ళు పరీచ్ఛ చేసే ఆఫీసు యాడో ఉండాది కదా. మా బోరింగు నీళ్ళొక సీసా, మీ బావి నీళ్ళొక సీసా. రెండూ ఎత్తుకొని పోదాము రా అమ్మణ్ణీ. నువ్వు పక్కన ఉంటే నన్ను గేటు కాడ ఆపరు."

సరేనన్నాను. ఆదివారం సాయంత్రం రెండు సీసాలు వేన్నీళ్ళతో కడిగి, ఏ నీళ్ళ సీసాను ఆ నీళ్ళతోనే మళ్ళీ మళ్ళీ కడిగి నింపాం. బోరింగుకు పిడి లేదు కాబట్టి కాలనీ కుర్రాళ్ళు ఒక ఇనుప కడ్డీ దూర్చి ఆడించి, నానా తంటాలు పడి ఆ సీసాకు సరిపడా నీళ్ళు తీశారు.

ఆరున్నరకు రావలసిన బస్సు ఎనిమిదికి వచ్చింది. జవళగిరి దాటాక ఏనుగులు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాయని డ్రైవరు చెప్పాడు. పిల్ల ఏనుగు దాటేదాకా పెద్దవి కదల్లేదట. ఈ దారిలో పొద్దుటి బస్సును నమ్ముకొని వచ్చేవాళ్ళు ఒక గంట చేతిలో ఉంచుకోవడం మంచిది. బస్సులో సగం పనసకాయలు, సగం మనుషులు. మునెమ్మ తన సీసాను చీరకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నా సీసా సంచిలో ఉంది. డెంకణికోటలో ఇంకో బస్సు ఎక్కి హోసూరులో దిగేసరికి పదిన్నర. ఫ్యాక్టరీ బస్సులు నీలం చొక్కాలవాళ్ళను దింపి పోతున్నాయి. పదేళ్ళ కిందట రాగి కల్లాలుగా చూసిన నేలలో రేకుల షెడ్లు లేచాయి. బస్ స్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాం. సాంబారు పలచన, చట్నీ బాగుంది.

బోరింగు వేయించిన నీళ్ళ ఆఫీసు అక్కడికి దగ్గరే. పరీక్ష అక్కడే చేస్తే కృష్ణగిరిదాకా పోనక్కర్లేదని ముందు అక్కడికి పోయాం. ఇంజనీరు మా సీసాలు చూసి నవ్వలేదు కాని, కుర్చీ కూడా చూపించలేదు.

"బోరు వేసేది మా పని. పరీక్షలు కృష్ణగిరిలో. అయినా డాక్టరు వద్దన్నాక మళ్ళీ పరీక్ష ఏంటమ్మా? ఇది మీకు అర్థమయ్యే విషయం కాదు."

"వేసేటప్పుడు పరీక్ష చేశారా సార్?" అని అడిగాను.

ఆయన ఫ్యాను వైపు చూశాడు. "అప్పుడు నీళ్ళు పడడమే గొప్ప. మీవాళ్ళే కొబ్బరికాయ కొట్టి దండ వేశారు" అన్నాడు.

అది నిజమే. దండ వేసిన చెయ్యి నా పక్కనే ఉంది. మునెమ్మ బయటికి నడిచి, మెట్లు దిగాక అంది. "అర్థం కాదంట. తాగేది మేము, అర్థమయ్యేది ఆయప్పకా? పద, కృష్ణగిరికే పోదాము."

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులకు కరువు లేదు. పెద్ద రోడ్డు, గంటన్నర ప్రయాణం. హోసూరు చల్లగా ఉందని నమ్మి బయలుదేరినవాళ్ళకు శూలగిరి దగ్గరికి వచ్చేసరికి ఎండంటే ఏమిటో తెలుస్తుంది. కిటికీ ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంది. మా ముందు సీట్లో ఒక తల్లి, మూడేళ్ళ ఆడపిల్ల. ఆ పిల్ల దాహమని ఏడుపు మొదలుపెట్టింది. తల్లి వెనక్కి తిరిగి మునెమ్మ ఒళ్ళోని సీసా చూసింది.

"రవ్వంత నీళ్ళు ఇయ్యండమ్మా, బిడ్డకు నోరు ఎండిపోతా ఉండాది."

మునెమ్మ సీసాను రెండు చేతులా పట్టుకుంది. "ఇది కాదులేమ్మా."

"గుక్కెడు చాలమ్మా."

"ఇయ్యనంటా ఉండాను కదా!"

బస్సంతా మా వైపు తిరిగింది. వెనక నుంచి ఒక ముసలాయన, "ఏం మనుషులప్పా! నిండు సీసా పెట్టుకొని పసిబిడ్డకు లేదంటారు" అన్నాడు. నా సంచిలో ఉన్న సీసా మా బావి నీళ్ళది. నేను పుట్టింటి నుంచి వచ్చింది మొదలు తాగుతున్న నీళ్ళు. తీసి ఇద్దామని సంచిలో చెయ్యి పెట్టాను కూడా. మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అదీ వద్దు. అది మంచిదని మనకు మాత్రం ఏం తెలుసు?" అని, ఆ తల్లితో గొంతు తగ్గించి చెప్పింది. "ఇది తాగొచ్చో తాగగూడదో అడిగేదానికి పోతా ఉండాము తల్లీ. మా ఊర్లో బిడ్డల పండ్లు పాడైనాయి. తెలిసి తెలిసి నీ బిడ్డకు యాడ పొయ్యను?"

శూలగిరిలో బస్సు ఆగింది. డ్రైవరు టీ తాగడానికి దిగకముందే మునెమ్మ దిగి, అంగడిలో చెంబెడు నీళ్ళు అడిగి తెచ్చింది. కండక్టరు విజిల్ వేస్తుంటే మెట్టు మీదే నిలబడి, తల్లి ఎత్తుకొచ్చిన పిల్ల నోటికి అందించింది. ఆ పిల్ల చెంబు వదల్లేదు. తాగినన్ని తాగి మిగతావి తల మీద పోసుకుంది. వెనకాల ముసలాయన కృష్ణగిరి వచ్చేదాకా ఫ్లోరైడ్ అంటే ఏమిటని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నాకు తెలిసింది అంతంత మాత్రమే. అదే చెప్పాను.

ఒంటిగంటన్నరకు కృష్ణగిరి. కోట కొండ రాళ్ళ మీద ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. మండీల ముందు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరంతా మామిడిపండ్ల వాసన. అరటాకు భోజనం చేసి, దారి అడుక్కుంటూ నీళ్ళ పరీక్ష ఆఫీసుకు చేరాం. మేడ మీద రెండు గదులు. ఒకే ఒక మనిషి. గోవిందరాజు అని, కెమిస్టు. నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడేటప్పుడు ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

"మీరు తెచ్చిన నీళ్ళు నేను తీసుకోను. మావాళ్ళు పట్టి తెచ్చిందే పరీక్ష చెయ్యాల. ఎవరు పట్టినారో, యాడ పట్టినారో నాకేం తెలుసు?" మొదట తమిళంలో అన్నాడు. మేం తెలుగువాళ్ళమని తెలిశాక తెలుగులో అన్నాడు.

"మా నీళ్ళకు మేమే అబద్ధం చెప్పుకుంటామా సార్?" అన్నాను.

"అట్ల కాదమ్మా, రూలు."

మునెమ్మ గోడవార కూర్చుంది. సీసా ముందు పెట్టుకుంది. "సరే అప్పా, నీ రూలు నీది. నేను ఈడే కూర్చుంటాను. పోయినసారి యూనియన్ ఆఫీసులో రెండు దినాలు కూర్చున్నాను. అలవాటే."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక చెయ్యి తీశాడు. పళ్ళు కనిపించాయి. అవే గోధుమరంగు గీతలు, కొన్ని చోట్ల గుంటలు.

మునెమ్మ లేచి దగ్గరికి పోయింది. "నీకూ ఉండాదే అప్పా!"

గోవిందరాజు మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మానుకున్నాడు. "మాది ధర్మపురి తట్టు పల్లె. పుట్టినప్పట్నుంచి ఆ నీళ్ళే" అన్నాడు. కొంచెంసేపు బల్ల మీది గాజు గొట్టాలు సర్దాడు. "రిపోర్టు రాసివ్వలేను. ఊరికే చూపిస్తాను. చాలునా?"

"నాకు కాగితం ఎందుకప్పా, చదవలేను. చూపిస్తే చాలు."

ఒక వరసలో గొట్టాలు పెట్టాడు. వాటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఆయనకు ముందే తెలిసిన నీళ్ళు. పక్కన మా నీళ్ళకు రెండు గొట్టాలు. అన్నింటిలోనూ ఎర్రటి మందు సమానంగా పొయ్యాలి. ఫ్లోరైడ్ లేకపోతే ఎరుపు అట్లాగే నిలుస్తుంది. ఉన్నకొద్దీ విరిగి పసుపు పచ్చన అవుతుంది. గంటసేపు ఆగాలి. ఇదంతా ఆయన చెబుతుంటే మునెమ్మ శ్రద్ధగా విని, ఆయన సీసాల కోసం చెయ్యి చాపగానే వెనక్కి లాక్కుంది.

"ఇది బోరింగుది, ఇది బావిది అని నీకు తెలిస్తే నువ్వు డాక్టరు మాటే చెప్తావు. నువ్వు గోడ తట్టు తిరుగప్పా. నేనే పోస్తాను."

ఆయన కోపగించుకుంటాడేమో అనుకున్నాను. "మా కాలేజీలో ఇట్లనే చెయ్యమనేవాళ్ళు" అని నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మునెమ్మ రెండు గొట్టాల్లోనూ నీళ్ళు పోసి, చీర అంచు నుంచి ఒక పోగు లాగి, ఒక గొట్టం మెడకు కట్టింది. ఏ నీళ్ళకు కట్టిందో నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. సీసాలు కొంగు కింద దాచేసింది. తర్వాత ఆయన మందు పోశాడు.

ఆ గంట నాకు బాగా గుర్తుంది. మునెమ్మ గొట్టాల మీద నుంచి చూపు తిప్పలేదు. రెండూ ఒకే రంగులో నిలవాలని నేను మనసులో కోరుకున్నాను. రెండూ మంచివైతే డాక్టరుదే తప్పు, పిడి తెచ్చుకుంటే సరిపోతుంది. రెండూ చెడ్డవైతే ఊరందరిదీ ఒకే కష్టం. ఒకటి మంచిదై ఒకటి చెడ్డదైతే నేనేం చెయ్యాలో నాకు తెలుసు. అదే భయం.

పోగు కట్టిన గొట్టం ఎరుపు మెల్లగా వెలిసిపోయింది. నారింజ రంగుకు వచ్చి, చివరికి ఎండిన నిమ్మతొక్క రంగులో నిలిచింది. రెండోది ఎర్రగానే ఉంది. గోవిందరాజు వాటిని వరసలోని గొట్టాల పక్కన ఒక్కొక్కటే పెట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దారం లేనిది తాగొచ్చు. దారం కట్టింది బిడ్డలకు పొయ్యద్దండి. ఏది ఎవరిదమ్మా?"

మునెమ్మ కొంగు కింద నుంచి బోరింగు సీసా తీసి బల్ల మీద పెట్టింది. దారం కట్టిన గొట్టం చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. "చూసినాను" అంది చివరికి. "ఇప్పుడు నమ్మినాను."

అప్పటికి ఆఫీసు మూసే వేళ దాటింది. డెంకణికోటకు ఇక బస్సు లేదన్నాడు గోవిందరాజు. బస్ స్టాండు చుట్టూ లాడ్జీలున్నాయి కాని, మగతోడు లేని ఇద్దరు ఆడవాళ్ళకు గది ఇస్తారన్న నమ్మకం లేదు. ఆయన తన ఇంటికే రమ్మన్నాడు. వాకిట్లో ఆయన భార్య ఎదురు వచ్చింది. మునెమ్మ గడప ఇవతలే ఆగి, "నేను కాలనీదాన్నమ్మా" అని ముందే చెప్పేసింది.

"ఆకలైతా ఉండాదా లేదా, అది చెప్పు" అందావిడ.

అందరం ఒక వరసన కూర్చున్నాం. రాగిముద్ద, పులుసు, పెసలు. గోవిందరాజు తండ్రి కూడా మాతోనే తిన్నాడు. ఆయన మెడ తిరగదు. మమ్మల్ని చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నడుము వంగి అట్లాగే బిగుసుకుపోయింది. ఆయన పని చేసి కాదు, నీళ్ళు తాగి అట్లా అయ్యాడని కొడుకు చెప్పాడు.

"మా బావి నీళ్ళు శానా రుచిగా ఉండేవి" అన్నాడు పెద్దాయన. "ఆకాశం తట్టు చూసి ఎన్ని ఏండ్లయిందో నాకే మతికి లేదు."

"ఎవురూ చెప్పలేదా అప్పా మీకు?" అంది మునెమ్మ.

"ఎవురన్నా వచ్చి చెప్పింటే నేను నమ్మింటానా?" అన్నాడాయన.

చేతులు కడుక్కున్నాక మునెమ్మ పెరట్లో గట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు అడిగింది, నేను గంటసేపు భయపడిన మాట.

"మంచి నీళ్ళు మీ బావిలోనే అని తేలింది కదా అమ్మణ్ణీ. మళ్ళా మీ గట్టున నిలబడి ‘రవ్వంత పొయ్యండమ్మా’ అనాల్నా నేను? నా మనవరాలు కూడా అనాల్నా? దానికన్నా బోరింగు నీళ్ళే తాగి ఈ పెద్దాయన మాదిరి వంగిపోతాను."

"గట్టుకు రావద్దు. నీళ్ళే మీ వీధికి వస్తాయి" అన్నాను. ఆ మాట అనేదాకా అంటానని నాకే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. "పూలతోటకు వాడే పైపులున్నాయి. మధ్యలో రెండు చేండ్లే. మోటారు నా వంతు రోజు పొద్దున మొదట మీకు, తర్వాత నా పైరుకు."

"ఈ పొద్దు ఇచ్చి రేపు అలిగి ఆపితే?"

"ఆపను."

"నువ్వు ఆపవు. నీ తర్వాత వచ్చేవాళ్ళు? తొట్టి మా వీధిలో కట్టాల. కొళాయి మా చేతిలో ఉండాల. సంఘంలో అందరి ముందర రాసియ్యాల. ధర్మానికి పోసే నీళ్ళు నాకు వద్దు."

"రాసిస్తాను."

ఆమె తల ఊపింది. అంతే. దండాలేమీ పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు సిగ్గయ్యేది.

మంగళవారం పొద్దున ఏడింటికి గోవిందరాజు మమ్మల్ని బస్సు ఎక్కించాడు. కృష్ణగిరి నుంచి రాయకోట మీదుగా డెంకణికోటకు నేరుగా బస్సు ఉంది. మా వైపు నుంచి వచ్చేవాళ్ళు హోసూరు చుట్టు తిరగక్కర్లేదు. దారంతా తోపులు. రాయకోటలో మామిడి బుట్టలు పైకెక్కించడానికి బస్సు చాలాసేపు ఆగింది. పక్క సీటావిడ మాకు చెరొక పండు ఇచ్చింది. కెళమంగలం దాటాక గాలి చల్లబడింది.

డెంకణికోటలో దిగి తిన్నగా ఆరోగ్య కేంద్రానికి పోయాం. డాక్టరు చిన్నవాడు. ముందు రాత్రి కాన్పు కేసు కోసం మేలుకొని ఉన్నాడేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జరిగింది చెప్పాను. అలసటగా నవ్వాడు.

"నేను చెప్పిందే కదా?" అన్నాడు తమిళంలో.

మునెమ్మ కూడా తమిళంలోనే అందుకుంది. "చెప్పినావు. చూపియ్యలేదు. అడగలేదు."

"అవ్వా, నాకు ఎన్ని ఊళ్ళు ఉన్నాయో తెలుసా? ఒక్క జీపు. మిమ్మల్ని ఒప్పిస్తూ కూర్చుంటే ఇంకో నెల మీ పిల్లలు ఆ నీళ్ళే తాగుతారు. అందుకే పిడి తీయించాను."

"తీయించాక మా వాళ్ళు ఏ నీళ్ళు తాగారో తెలుసా సార్?" అన్నాను. "వంకలో చెలమ నీళ్ళు. పిల్లలకు భేదులు. మునెమ్మ మనవరాలు మూడు రోజులు కళ్ళు తెరవలేదు."

ఆయన ముఖంలో అలసట పోయింది. "నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"నువ్వు ఎవురినీ అడగలేదు" అంది మునెమ్మ. గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

డాక్టరు లేచాడు. లోపలికి పోయి పిడి తానే మోసుకొచ్చాడు. కాని ఊరికే ఇవ్వలేదు. బోరింగుకు ఎర్ర రంగు వెయ్యాలన్నాడు. అది చూసి చిన్నపిల్లలు కూడా ఆ నీళ్ళు తాగడానికి కాదని గుర్తుపట్టాలి. గిన్నెలకు, బట్టలకు, గొడ్లకు మాత్రమే. మా బావిలో ఫ్లోరైడ్ లేకపోయినా ఆకులూ కప్పలూ పడే బావి కనక క్రిములుంటాయని, బ్లీచింగ్ పౌడరు ఎంత, ఎప్పుడు వెయ్యాలో సంఘంలో ఇద్దరు నేర్చుకోవాలన్నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు. మంచి నీళ్ళని తేలగానే పని అయిపోయిందనుకున్నాను.

"నేర్చుకుంటాము. ఎవురు నేర్పిస్తారు?" అంది మునెమ్మ.

"నేనే వస్తాను. శుక్రవారం."

"వచ్చి నిలబడి చెప్పి పోతే కాదు. మాతో కూర్చోవాల. మేము అడిగినదానికి జవాబు చెప్పాల."

"కూర్చుంటాను" అన్నాడు.

సాయంత్రం నాలుగింటి బస్సు. ఆ ఇనుప పిడికి లగేజీ టికెట్టు కొట్టాలని కండక్టరు పట్టుబట్టాడు. ఇది గవర్నమెంటు సొత్తు, గవర్నమెంటు బస్సులో గవర్నమెంటు సొత్తుకు టికెట్టు ఏందని మునెమ్మ. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. చివరికి డ్రైవరు విసుగుపడి బండి తీశాడు. సంతకు వచ్చిన మా ఊరివాళ్ళు చాలామంది ఉన్నారు బస్సులో. మూడు సీట్ల వెనక మా మరిది వెంకటేశప్ప కూర్చున్నాడు.

"ఏమాయె వదినా?" అన్నాడు అక్కడి నుంచే.

ఇంటికి పోయి నెమ్మదిగా చెబుదామని ఒక క్షణం అనుకున్నాను. కాని అక్కడ ఊరు సగం ఉంది. చెబితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది. లేచి సీటు కమ్మీ పట్టుకొని నిలబడి, గొట్టాల సంగతి, రంగుల సంగతి, పెద్దాయన మెడ సంగతి చెప్పాను. పైపు సంగతీ చెప్పాను.

వెంకటేశప్ప ముఖం ఎర్రబడింది. అతను చెడ్డవాడు కాడు. తండ్రి మాటే వేదమనుకొని పెరిగినవాడు. "నాయన తవ్వించిన బావి అది. నన్నొక మాట అడగకుండానే ఇచ్చేస్తివా?"

"నిన్ను అడక్కుండా నీది ఇయ్యలేదప్పా. మోటారు ఒకరోజు నీది, ఒకరోజు నాది. నా రోజు నీళ్ళు యాడికి పోవాలో నేను చెప్తాను."

"ఎండాకాలంలో బావి అడుగంటితే? పైరు ఎండితే?"

"నా పైరు ముందు ఎండనీ. అప్పుడు మాట్లాడదాం."

"సరే, నీ రోజు నీ ఇష్టం" అన్నాడు. "నా రోజున మాత్రం నన్నెవరూ అడగొద్దు."

మునెమ్మ వెనక్కి తిరగలేదు. ఎదురుగా రోడ్డును చూస్తూనే అంది.

"నీ రోజున కూడా మాకు దాహమైతాదప్పా."

ఎవరో దగ్గారు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వెంకటేశప్ప కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఊరు వచ్చేదాకా అటే చూశాడు. నేను చెప్పినదానికి అతను జవాబు చెప్పగలడు. మునెమ్మ మాటకు జవాబు వెతుక్కుంటున్నాడని అర్థమైంది. వెతుక్కోనీ అనుకున్నాను.

ఈ ప్రయాణం పెట్టుకోవాలనుకునే ఊళ్ళు ఇంకా ఉంటాయి. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. సీసాలు మీరే కడగండి, నీళ్ళు మీరే పట్టండి, ఒక్కరే పోకండి. ఆఫీసులో కాదంటే అక్కడే కూర్చోండి. చదువుకున్నవాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు. మా విషయంలో నిజమే అయింది. అయినా అది మన కళ్ళతో చూసేదాకా మనది కాదు. చూశాక మాత్రం తల తిప్పుకోకూడదు. చూడడం కన్నా అదే కష్టం.

మా స్టాపులో దిగేసరికి పొద్దు వాలుతోంది. వెంకటేశప్ప మాకన్నా ముందే దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా పొలం దారి పట్టాడు. సంతవాళ్ళు మునెమ్మను చుట్టుకొని అడిగిందే అడుగుతున్నారు. ఆమె ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెబుతోంది. చేతులతో గొట్టాల పొడవు చూపిస్తోంది. నేను పక్కకు పిలిచాను.

"రేపు మోటారు వంతు నాది. పైపు పరిచేదానికి తెల్లారేసరికి నలుగురిని పంపించు."

"పంపించేదేంది, నేనే వస్తాను" అంది. "బావి కాడ కొస నువ్వు పట్టుకో. మా వీధి కాడ కొస నేను పట్టుకుంటాను."